పుర్రచేతివాడి కుడి హుక్కు

ఇప్పటికీ పొద్దున్న మంచం దిగేటప్పుడు నా కుడి మడమ తనంతట తాను బయటికి తిరుగుతుంది. నేను తిప్పను. అదే తిరుగుతుంది. కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా కిటికీకి నది కనిపించదు గాని, నది మీది మంచు మాత్రం వేళకి వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. ఆ మంచులో ఎక్కడో ఓడ కూత పెడుతుంది. నిద్ర ఇంకా సగం కళ్లలోనే ఉంటుంది. అప్పుడు మడమ తిరుగుతుంది, దాని వెనక తుంటి, తుంటి వెనక భుజం, అన్నిటికన్నా ఆఖర్న, ఇష్టం లేనట్టు, మోచెయ్యి లేస్తుంది. ఎదురుగా ఎవరూ ఉండరు. మంచు ఉంటుంది. దాని చెంప మీద మెల్లగా ఒకటి వేసి నేను పళ్లు తోముకోడానికి వెళ్తాను.

ఆ మధ్య వీధి చివర టీ కొట్టులో ఒక కుర్రాడు, జిమ్ముకి వెళ్లి కండలు పెంచినవాడు, ఎడమచేతి బాక్సర్లకి అదృష్టం పుట్టుకతోనే వస్తుందని పక్కవాడికి చెప్తుంటే విన్నాను. ఎదుటివాడికి వాళ్ల పద్ధతి అలవాటుండదట, అందుకని ఊరికే గెలిచేస్తారట. నా చేతిలో వేడి మట్టికప్పు లేకపోతే అక్కడే లేచి నిలబడేవాణ్ణి. అదృష్టమా? పుట్టుకతో నాకు వచ్చింది చెయ్యి ఒక్కటే. దాన్ని చూసి మొహం చిట్లించడానికి మాత్రం ఊరు ఊరంతా వచ్చింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఎవరూ నేర్పని హుక్కు గురించి, ఎవరూ నేర్పని తెలుగులో. నేను ఏ బళ్లోనూ తెలుగు చదవలేదు. చింతపండు చుట్టి ఇచ్చిన పాత పత్రికల కాగితాలు విప్పి, మరకల మధ్య మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే చింతపండుని అడగండి.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. మా మావ, అంటే అమ్మకి అన్న, ముందుగా కలకత్తా వచ్చి రేవులో కుదురుకుని, తరవాత మమ్మల్ని పిలిపించాడు. తన గదిలో సగానికి గోనె పరదా కట్టి ఆ సగం మాకిచ్చాడు. పరదాకి అటు మావ, అత్త, వాళ్ల కొడుకు. ఇటు అమ్మ, అయ్య, నేను. ఆ కొడుకు నాకు బావ, నాకన్నా కాస్త పెద్ద. రాత్రి వాడు అటు తిరిగి పడుకుంటే పరదా ఇటు ఉబ్బేది. ఒకళ్ల ఊపిరి ఒకళ్లకి వినిపిస్తూ పెరిగాం. అమ్మకి ఆ గోనె పరదా అంటే గుడి తలుపంత గౌరవం. అన్న ఇచ్చిన చోటు అది.

నేను పుర్రచేతివాణ్ణి. పాకే వయసులోనే ఏమిచ్చినా ఎడంచేత్తో అందుకునేవాణ్ణట. అమ్మ దాన్ని ఒక రోగంలా చూసింది. అన్నం ముందు కూర్చోగానే పాత చీర పేలికతో నా ఎడమ మణికట్టుని మొలతాడుకి కట్టేసేది. నేను ఏడిస్తే పేలిక ఇంకో చుట్టు తిరిగేది. "ఆ సెయ్యి దేనికున్నాదో తెల్దేటిరా నీకు?" అనేది. తెలుసు. అందరికీ తెలుసు. అదే నా కోపం. ఒక చెయ్యి దేనికి ఉందో దాన్ని అడక్కుండానే ఊరంతా తేల్చేసింది.

అలా నా కుడిచెయ్యి బలవంతాన మర్యాద నేర్చుకుంది. అన్నం కలిపింది, పెద్దలకి మంచినీళ్లు అందించింది, ప్రసాదం పట్టింది, చింతపండు కాగితాల మీద అక్షరాలు దిద్దింది. పనులన్నీ చేసింది గాని మనసు పెట్టలేదు. ఎడమది మొల దగ్గర కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, బలం పెంచుకుంది.

ఇరవై దాటాక బావా నేనూ ఇద్దరం బొగ్గు రేవులో బద్లీ కూలీలం. అంటే ఎవరైనా పనికి రాకపోతే వాళ్ల చోట నిలబడేవాళ్లం. సాయంత్రాలు వాట్‌గంజ్‌లో ఒక బాక్సింగ్ క్లబ్బుకి పోయేవాళ్లం. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. తాళ్ల గోదాము వెనక ఒక రేకుల షెడ్డు, ఇసకా గోనెపీచూ కుక్కిన సంచి ఒకటి, నేల మీద సుద్దతో గీసిన రింగు. నేర్పేది ఓడల మీద వంటవాడిగా లోకమంతా తిరిగొచ్చిన ఒక బెంగాలీ పెద్దాయన. దాదా అనేవాళ్లం. మొదటి రోజు అందరూ ఎడమ కాలు ముందుకి పెట్టి నిలబడితే నా కుడి కాలు ముందుకి పోయింది. పేలిక కోసం ఎదురుచూస్తూ నేను కళ్లు దించుకున్నాను. దాదా వచ్చి నా పాదాల వంక చూసి, బీడీ తీసి, నువ్వు సౌత్‌పా, అంటే పుర్రచేతి బాక్సరువి, అలాగే ఉండు అన్నాడు. అంతే. ఎవరూ తిట్టలేదు. అన్నాళ్లూ రోగమనుకున్నది ఒక నిలబడే పద్ధతి అని, దానికి లోకంలో ఒక పేరుందని ఆ సాయంత్రం తెలిసింది. ఇంటికి నడుస్తుంటే ట్రాము తీగలు కూడా నా కోసమే మెరుస్తున్నట్టు అనిపించింది.

బాక్సింగ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కుడిచేతివాటం మనిషి బలమైన కుడిని వెనక దాచి ఎడమని ముందుంచుతాడు. మేం దానికి తిరగేసి. మా బలం, ఎడమది, వెనక ఉంటుంది. ముందుండేది కుడిచెయ్యి. ఆ ముందు చేతిని మోచేతి దగ్గర మడిచి, పక్కనించి చిన్న వంపులో తెచ్చి ఎదుటివాడి చెంప మీద వేసేదే ముందుచేతి హుక్కు. ఎదుటివాడు మన వెనక చేతినే చూస్తుంటాడు కాబట్టి ముందు చేతి హుక్కు బాగా కుదిరితే అది ఎక్కణ్ణించి వచ్చిందో వాడికి తెలియదు. కుదరకపోతే మాత్రం ఇంటి దగ్గర బయల్దేరినప్పుడే కనిపిస్తుంది.

నాది ఇంటి దగ్గరే కనిపించేది. దాదాకి పుర్రచేతివాళ్లకి నేర్పిన అలవాటు లేదు. అందరూ చేసేది తిరగేసి చెయ్యి అన్నాడు. తిరగేయడం ఎలాగో చెప్పలేదు. షెడ్డులో ఒక గోడకి ఏదో పాత ఓడ గదిలోంచి ఊడదీసి తెచ్చిన నిలువుటద్దం ఉండేది. అంచుల్లో పాదరసం పోయి, లోపల ఎప్పుడూ సాయంత్రమే అన్నట్టుండేది. ఒకరోజు దాని ముందు నిలబడి నా చేతులు చూసుకుంటుంటే వెనక బావ సంచిని కొడుతున్నది కనిపించింది. బావ ఎడమ హుక్కు ఆ షెడ్డులోకల్లా అందమైనది. అద్దంలో అది కుడి హుక్కయింది. అద్దంలో బావ పుర్రచేతివాడు. దాదా పుర్రచేతివాడు. తాడు గెంతేవాడూ, మూల కూర్చుని చేతికి గుడ్డ చుట్టుకుంటున్నవాడూ, అందరూ నావాళ్లే. షెడ్డు షెడ్డంతా నాలాంటివాళ్లతో నిండిపోయింది. నేను చాలాసేపు వెనక్కి తిరగలేదు. తిరిగితే మళ్లీ ఒక్కణ్ణయిపోతానని.

ఆ తరవాత అదే నా బడి. అందరికీ వీపు పెట్టి అద్దంలోకి చూసేవాణ్ణి. బావ హుక్కు విసిరినప్పుడల్లా అద్దంలోని బావతో కలిసి నేనూ విసిరేవాణ్ణి. "నా మొకం సూడ్డానికి అంత సిగ్గేటి బామ్మర్దీ?" అని బావ వెనకనించి వేళాకోళం చేసేవాడు.

అయినా ఆ దెబ్బ నాకు పట్టుబడలేదు. రూపం వచ్చింది గాని ప్రాణం రాలేదు. చెయ్యి వెడల్పుగా పోయేది, మోచెయ్యి వాలిపోయేది, సంచి మీద పడితే తడిగుడ్డ పడ్డ చప్పుడు. దాదా టీ తాగుతూ చూసి, "కీ రే, దెబ్బా ఇది? మిష్టి తినిపిస్తున్నావా?" అనేవాడు. మిష్టి అంటే మిఠాయి. షెడ్డంతా నవ్వేది. నాకు నవ్వు రాలేదు. ఆయనకి తెలియదు గాని ఆయన అన్నది నిజం. ఆ చేతికి జీవితమంతా నేర్పింది అదే. తినిపించడం, అందించడం, దణ్ణం పెట్టడం. దానికి కొట్టడం ఎక్కణ్ణించి వస్తుంది?

ఆ రోజుల్లోనే అయ్య దగ్గు మొదలైంది. మొదలవడం కాదు, ఎప్పుడూ ఉన్నదే, ఆగడం మానేసింది. బొగ్గు ధూళికి దూరంగా ఉండాలని ఆసుపత్రిలో చెప్పారు. బొగ్గు రేవులో పనిచేసే మనిషికి ఆ మాట చెప్పడం ఎంత తేలిక. అయ్య విని, మర్నాడు మళ్లీ తట్ట ఎత్తాడు. ఒకసారి మాత్రం, చేతులు కడుక్కుంటూ, "నీకు పర్మినెంటయితే నేను తట్ట దించీస్తాను" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు, నా చెవుల్లోనే ఉండిపోయింది.

పర్మినెంటుకి దారి ఒకటి తెరుచుకుంది. రేవు జట్టుకి మా బరువులో ఒక బాక్సరు కావాలి. జట్టులోకి వెళ్లినవాడికి రేవు గేటు దగ్గర కాపలా పని, నీడన కూర్చునే పని, పర్మినెంటు. పోటీలో ఒక్కొక్కళ్లే రాలిపోయి ఆ బరువులో ఇద్దరం మిగిలాం. బావా, నేనూ. వాడికీ అది అంతే అవసరం. మావ మోకాళ్లు అప్పటికే మెట్లెక్కనంటున్నాయి. పరదాకి అటూ ఇటూ ఒకటే ఆశ, కుర్చీ మాత్రం ఒకటి. ఆ కాలంలో మా బస్తీలో ఏ కుళాయి ఎప్పుడు విప్పాలో కూడా ఎర్రజెండా పార్టీ లోకల్ కమిటీ బాబులే చెప్పేవాళ్లు. మావ వెళ్లి ఇద్దరికీ ఏదో ఒకటి చూడమని అడిగితే మాత్రం, ఇది ఆట, మేం జోక్యం చేసుకోం, గెలిచినవాడిదే అన్నారు. గోడల నిండా కార్మికుల ఐక్యత గురించి ఎర్రరంగుతో రాసిన చేతులే అవి.

మా పని ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే నా హుక్కు అక్కడ పుట్టింది. నదిలో బొగ్గు పడవ ఆగేది. పడవనించి మెట్ల మీదుగా పైదాకా మనుషులు వరసగా నిలబడేవాళ్లు. బొగ్గు తట్ట చేతులు మారుతూ పైకి పోయేది. మెట్లు ఎక్కాక గట్టు దగ్గర వరస ఎడమకి మలుపు తిరిగేది. ఆ మలుపులో నిలబడేవాడు కిందినించి కుడి పక్కకి వచ్చిన తట్టని అందుకుని, ఒంటిని తిప్పి, ఎడమ పక్కవాడికి అందించాలి. కుడిచేతివాళ్లకి ఆ తిరుగుడు అడ్డం. మేస్త్రి నన్ను చూసి మలుపులో పెట్టాడు. మా వరసల్లో మలుపు ఎప్పుడూ పుర్రచేతివాడిదే. అన్నం పళ్లెం దగ్గర పనికిరాని వాటం బొగ్గు దగ్గర పనికొచ్చింది, చూశారా. అయ్య నాకు రెండు మెట్ల కింద ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం పోటు వస్తోంది. నీళ్లు పెరిగేలోపు పడవ ఖాళీ చెయ్యాలి. వరస తొందరపడింది. ఎండ పల్చగా, తెల్లగా, నది మీద వెన్నపూస రాసినట్టుంది. తట్ట వెంట తట్ట, తట్ట వెంట తట్ట. కాసేపటికి నా చేతులు చచ్చిపోయాయి. నిజంగానే, అవి ఉన్నాయన్న సంగతి మర్చిపోయాను. ఎదుట నది నిద్రలో కదిలినట్టు కదులుతోంది, మనుషుల మొహాలు నల్లగా, కళ్లు మాత్రం తెల్లగా తేలుతున్నాయి, నేను ఎక్కడో వేరే చోటినించి నన్నే చూస్తున్నాను. తట్టలు మాత్రం ఆగలేదు. ఎవరు అందిస్తున్నారు మరి? కిందికి చూస్తే నా కుడి మడమ. అది బయటికి తిరుగుతోంది, తుంటి ఎడమకి పోతోంది, తట్ట నా చేతుల్లో లేదు, నా నడుము చుట్టూ తిరిగి దాని దారిన అది వెళ్తోంది. కుడిచెయ్యి మడిచినది మడిచినట్టే ఉంది, మోచెయ్యి అరచేతితో సమానంగా ఉంది. అది ఏమీ చెయ్యడం లేదు. ఊరికే తట్టతోపాటు వెళ్తోంది.

నేను గట్టిగా నవ్వాను. నోట్లోకి బొగ్గు ధూళి పోయింది. అయ్య కిందినించి "ఏటిరా?" అన్నాడు. "ఏటీ నేదయ్యా" అన్నాను. అయ్య దగ్గి, ఇంకో తట్ట అందించాడు.

సాయంత్రం సంచి ముందు నిలబడి చేతి గురించి మర్చిపోడానికి ప్రయత్నించాను. మర్చిపోవడం అంత సులువు కాదు. చెయ్యి ఊరుకోదు, ముందుకి ఉరుకుతుంది. కళ్లు మూసుకుని మెట్లు తలుచుకున్నాను, కింద నీళ్లు, రెండు మెట్ల కింద అయ్య. మడమ తిరిగింది. సంచి చప్పుడు మారింది. పొట్టిగా, లోతుగా, తలుపు మూసినట్టు. దాదా టీ వదిలేసి బయటికి వచ్చాడు. మళ్లీ కొట్టమన్నాడు. కొట్టాను. ఈసారి మిష్టి ఊసెత్తలేదు.

తరవాత ఆయన తన వంతు చెప్పాడు. హుక్కుని ఒంటరిగా పంపకూడదు. ముందు వెనకున్న ఎడమని పంపాలి. ఎడమ తిన్నగా వెళ్తే ఒంటి బరువంతా ముందున్న కుడి కాలి మీద పడుతుంది. అప్పుడు కుడి హుక్కు కొత్తగా బయల్దేరక్కర్లేదు, వెళ్లిన ఒళ్లు వెనక్కి రావడమే హుక్కు. అది చెప్తుంటే ఆయన చేతులు గరిటె తిప్పినట్టు తిరిగాయి. నేను రోజూ అదే చేశాను. ఎడమచెయ్యి మొహం మీదికి, కుడిచెయ్యి చెంప మీదికి. అద్దంలో బావని చూడడం మానేశాను. నా మొహమే చూసుకున్నాను.

పోటీ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. పరదాకి అటు ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చింది. చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరి, అప్పుడు అంది.

"మీ బావని కొట్టొద్దని అన్ను. ఆట కాబట్టి కొట్టు. ఆ సేత్తో మాత్రం వోడి మొకం మీద కొట్టకు."

ఏ చేత్తో అని నేను అడగలేదు. గ్లౌజు ఉంటుంది కదమ్మా, చెయ్యి తగలదు అన్నాను.

"గ్లౌజులో ఏ సెయ్యున్నాదో అందరికీ తెలుసు. మా అన్న మనకి సోటిచ్చినాడు. ఆడి కొడుకు మొకం మీద నా కొడుకు ఎడంసెయ్యి పడితే నేను ఆ పరదా ఎత్తి అటెళ్లలేను."

నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పటి పేలిక మళ్లీ మణికట్టు మీద పడినట్టయింది. ఒక చేతిని పుట్టినప్పటినించి కట్టేసి, అది కట్టు తెంచుకుని బలపడ్డాక, దానికి ఒక్కసారి పని పడ్డప్పుడు మళ్లీ కట్టేస్తారా? అయ్య దగ్గు వినపడటం లేదా ఈవిడకి? ఇవన్నీ అడగాలనుకున్నాను. అమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. ఆవిడ వేళ్లు ఒకే రాయిని ఏరి మళ్లీ బియ్యంలోనే వేస్తున్నాయి. అన్న వైపో, మొగుడి వైపో తేల్చుకోలేని వేళ్లు. నేను అడిగింది ఒకటే.

"కడుపు మీద కొట్టొచ్చా?"

అమ్మ నిజంగానే ఆలోచించింది. ఒక రాయి ఏరి పారేసింది.

"కడుపు పరవాలేదు" అంది.

ఈ సంగతి దాదాకి చెప్తే ముందు నవ్వాడు. తరవాత నవ్వలేదు. సముద్రాల మీద ఇన్ని ఊళ్లు తిరిగాను గాని ఇలాంటి రూలు వినలేదన్నాడు. షెడ్డులో ఆ చివరికీ ఈ చివరికీ నడిచి, సరే, ఎడమని కిందికి పంపు, కుడిని పైకి పంపు అన్నాడు. కడుపు మీద దెబ్బ పడ్డవాడి చేతులు ఎప్పటికైనా కడుపు దగ్గరికి పోతాయి, అప్పుడు చెంప ఖాళీ. మీ అమ్మ తెలియకుండానే మంచి పాఠం చెప్పిందిరా అన్నాడు. ఆయన మెచ్చుకున్నది నాకు మింగుడుపడలేదు. ఇప్పటికీ పడదు. మంచి జరిగినంత మాత్రాన కట్టేసినవాళ్లు గురువులైపోరు.

పోటీ రేవు వాళ్ల హాల్లో, మధ్యాహ్నం. ఎత్తుగా కిటికీలు, ఆ కిటికీల్లో ఓడల పొగగొట్టాలు. మా వరసలోవాళ్లంతా బొగ్గు కడుక్కుని, తల దువ్వుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. మావ ముందు బెంచీ మీద, అయ్య ఆయన పక్కన. ఇద్దరూ ఒకే బీడీ పంచుకుంటున్నారు. అమ్మ రాలేదు.

గంట కొట్టాక మొదటి రౌండులోనే నాకు విషయం అర్థమైంది. అమ్మ నాకు చెప్పిన మాట అన్నకీ చెప్పింది. ధైర్యం చెప్పడానికి చెప్పి ఉంటుంది. మావ నించి అది బావకి చేరింది. నా ఎడమచెయ్యి మొహం మీదికి రాదని వాడికి తెలుసు. అందుకని ఎడమచేతిని చెంపకి అతికించేసి నా కుడి హుక్కుకి తలుపు మూసేశాడు. కుడిచేతిని కాపలా నించి వదిలేసి నా మీదికి ఇష్టమొచ్చినట్టు పంపాడు. వాడి మొహం నడిమధ్య అంతా నాకు తెరిచి ఉంది. నేను వెళ్లకూడని తెరిచిన వాకిలి. నా ఎడమచెయ్యి గ్లౌజు లోపల కట్టేసిన కుక్కలా గుంజుకుంది. బావ కళ్లలో చిన్న నవ్వు. ఆ రౌండు వాడిదే. నా పెదవి చిట్లింది.

రెండో రౌండు నేను కిందికి దిగాను. ఎడమచెయ్యి కడుపు మీదికి. మళ్లీ కడుపు మీదికి. వాడు పట్టించుకోనట్టు నటించాడు. మళ్లీ. జనం, పైన కొట్టరా అని అరుస్తున్నారు. మా వరసవాళ్లు మాత్రం అరవలేదు. వాళ్లకి తెలుసు. బస్తీలో ఒక మాట అన్నతో చెప్తే ఊరంతటితో చెప్పినట్టే. ఆ రౌండు చివర వాడి మోచేతులు దగ్గరికి వచ్చాయి, ఊపిరి పొట్టిదయింది.

మూడో రౌండు నడుస్తుండగా కరెంటు పోయింది. ఆ కాలంలో రోజూ పోయేది, ఎవరూ ఆశ్చర్యపోలేదు. కిటికీల్లోంచి వచ్చే వెలుగు చాలని రిఫరీ కొనసాగించమన్నాడు. హాలంతా నది రంగులోకి మారిపోయింది. దుమ్ము మెల్లగా దిగుతోంది. అరుపులు దూరమైపోయాయి, నీళ్ల కింద విన్నట్టు. ఆ మసకలో అంతా మా షెడ్డు అద్దంలోలా ఉంది. ఎదురుగా బావ. అద్దంలో ఏళ్ల తరబడి నేను చూసిన బావ.

నా ఎడమచెయ్యి కడుపు మీదికి వెళ్లింది. ఈసారి వాడి ఎడమచెయ్యి చెంపని వదిలి కిందికి వచ్చింది, ఎవరో పిలిస్తే వెళ్లినట్టు. నా బరువు కుడి కాలి మీద ఉంది. మెట్లు, కింద నీళ్లు, రెండు మెట్ల కింద అయ్య. తట్ట అందింది. మడమ తిరిగింది. అంతే, నేను ఇంకేమీ చెయ్యలేదు. నా కుడిచెయ్యి, అన్నం కలిపిన చెయ్యి, ఒంటితోపాటు ఎడమకి వెళ్లింది. దారిలో బావ చెంప ఉంది.

బావ కూర్చున్నాడు. పడలేదు, కూర్చున్నాడు. ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు కాళ్లు చాపి, ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. రిఫరీ లెక్కపెడుతుంటే లేచాడు, చివరిదాకా నిలబడ్డాడు కూడా. కానీ ఆ దెబ్బ తరవాత వాడి అడుగులు వేరే ఊళ్లో ఉన్నాయి. రిఫరీ నా చెయ్యి ఎత్తాడు. ఎడమదే ఎత్తాడు పాపం, ఆయనకేం తెలుసు. నేను దాన్ని దించి కుడిది ఇచ్చాను.

రింగు దిగగానే మావ వచ్చాడు. నా కుడి గ్లౌజు రెండు చేతులతో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేనా?"

"ఇదే మావా."

"మీ అమ్మతో సెప్పు, మాట దాటనేదని" అన్నాడు. తరవాత తన కొడుకు దగ్గరికి కుంటుతూ వెళ్లాడు. ఆ నడక చూస్తే గెలిచిన సంతోషం సగానికి సగం అరిగిపోయింది.

ఇంటికి వెళ్తే అమ్మ పరదా పక్కకి లాగేసి, ఇద్దరికీ పక్కపక్కన పళ్లేలు పెట్టింది. బావ చెంప చూసి, నా కుడిచెయ్యి చూసింది. "అన్నం తినడానికి నేర్పితే ఇదేటిరా సేసినావు దాన్తో" అంది. బావ నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకున్నాడు. నా చిట్లిన పెదవికి పచ్చిపులుసు తగిలి కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. అవి పులుసువే అని అందరూ ఒప్పుకున్నారు.

నాకు గేటు దగ్గర కుర్చీ వచ్చింది. అయ్య తట్ట దించాడు. దించిన రోజు తట్టని బోర్లా పెట్టి, దాని మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నాడు. దగ్గు పూర్తిగా పోలేదు గాని మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకోనిచ్చేది. ఆ తరవాత చాలా ఏళ్లు బతికాడు. ఎర్రజెండాలు పోయే కాలం కూడా చూశాడు. సాయంత్రాలు మెట్ల మీద ఖాళీ చేతులతో కూర్చుని, పోటు వస్తుంటే నీళ్లకి దారి ఇస్తున్నట్టు కాళ్లు పైకి తీసుకునేవాడు.

నేను ఖాళీ చేసిన మలుపులోకి బావని పెట్టారు. మేస్త్రికి ఇంకో పుర్రచేతివాడు దొరకలేదు. బావ అక్కడ నిలబడలేకపోయాడు. కుడిచేతివాటం, తిరుగుడు అడ్డం, బొగ్గు కాళ్ల మీద ఒలికేది, మేస్త్రి తిట్లు గేటు దాకా వినిపించేవి. ఒక సెలవు రోజు నేను రేవుకి వెళ్లాను. అయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బావ మోకాళ్ల దాకా నల్లగా ఉన్నాడు, నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఎన్నాళ్లు అద్దంలో నీకు వీపు పెట్టి నేర్చుకున్నాను, ఇప్పుడు నువ్వు నాకు మొహం చూపించవా అనుకున్నాను. పక్కకి వెళ్లి నిలబడ్డాను.

"సేత్తో తిప్పకు బావా. మడమ తిప్పు. తట్ట దాని దారిన అదే పోతాది."

వాడు వినిపించుకోనట్టు ఇంకో తట్ట ఒలకబోసుకున్నాడు. తరవాతి తట్టకి, నా మీద కోపంతోనే, కుడి మడమ తిప్పాడు. తుంటి ఎడమకి వెళ్లింది. తట్ట వాడి నడుము చుట్టూ తిరిగి, ఒక్క రవ్వ రాలకుండా, పక్కవాడి చేతుల్లోకి వెళ్లిపోయింది. బావ ఆగి తన పాదం వంక చూసుకున్నాడు. చెయ్యి మెల్లగా చెంప దగ్గరికి వెళ్లింది, అక్కడ బొగ్గు మరక పడింది.

"నన్ను కొట్టింది ఇదేటిరా?" అన్నాడు. "ఇంత సిన్నదా?"

మెట్ల మీద అయ్య దగ్గకుండా కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ పనికొచ్చే ఒంటి తిరుగుడు ఉండగా ఒకటే కుర్చీ ఎందుకు వేశారన్న కోపం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని ఎవరి చెంప మీద వెయ్యాలో మాత్రం తెలియలేదు. కిందినించి ఇంకో తట్ట వచ్చింది. బావ మడమ తిప్పాడు.